కుడివైపు కుర్చీ

మా స్టూడియోలో ఆ అమ్మాయిని అందరూ నత్త అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు నాకేమీ విచారం లేదు. అంతకన్నా అతికే పేరు కన్నతల్లి కూడా పెట్టలేకపోయింది. పొద్దున లిఫ్టు దిగి తన బల్ల దగ్గరికి చేరేలోపు మిగతావాళ్లు టీ తాగి కప్పులు కూడా కడిగేసుకునేవారు. పెన్సిలు చెక్కడానికి కూర్చుందంటే పసిబిడ్డకు గోళ్లు తీస్తున్నట్టు ఉండేది. ‘ఆలస్యం అమృతం విషం’ అని నేను రోజూ ఆమె వెనక నిలబడి సాధించేదాన్ని. ‘నిదానమే ప్రధానం మేడమ్’ అని ఎదురు చెప్పినా బాగుండేది. అదీ లేదు, నవ్వి ఊరుకునేది. నాకు ఒళ్లు మండేది.

మాది బొమ్మలకు కదలిక నేర్పే పని. యానిమే సీరియళ్లు తయారుచేస్తాం. పెద్ద చిత్రకారులు ఒక కదలికకు మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీసి ఇస్తారు. అమ్మాయి చెయ్యి బల్ల మీద ఉంది, అదొక బొమ్మ. అదే చెయ్యి తలుపు గడియ మీద ఉంది, అదింకొకటి. ఈ రెండింటి మధ్య ఆ చెయ్యి ఎలా లేచింది, ఎక్కడ తటపటాయించింది, ఎలా వెళ్లి గడియను పట్టుకుంది, ఇవన్నీ ఒక్కో కాగితం మీద ఒక్కోటి గీసి నింపేవాళ్లను మధ్య బొమ్మలవాళ్లు అంటాం. నత్త పని అదే. వాళ్లు గీసిన కాగితాల కట్టను వేళ్ల మధ్య పట్టుకుని రెపరెపలాడిస్తూ తప్పులు పట్టడం నా పని. ఈ పనిలోనే నా తల నెరిసింది. నా నోటికి జడిసి పిల్లలంతా నన్ను చాటుగా కత్తెరమ్మ అంటారు. వాళ్లూ సరైన పేరే పెట్టారు.

నత్త వాళ్లమ్మ దర్జీ. భర్త పోయేనాటికి ఈ పిల్ల ఇంకా పాకుతోంది. అద్దెగది మారినప్పుడల్లా ముందు కుట్టుమిషను దిగేది, ఆ వెనక ఈ పిల్ల దిగేది. గౌన్లకూ చొక్కాలకూ తల్లి కత్తిరించుకున్న కాగితపు నమూనాలను కిటికీ అద్దానికి ఆనించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుతురులో కనబడే గీతలు దించుకోవడమే ఈమె ఆట. పక్కన ఆడుకోవడానికి మరో ప్రాణి లేదు. “ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు మేడమ్. ఇంకెవరైనా ఒకరుంటే బాగుండునని ఉండేది” అని ఒకసారి నాతో అంది. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఆమెకు మధ్యాహ్నం భోజనం వేళంతా సరిపోయింది.

నన్ను తిట్టుకున్నవాళ్లు కూడా ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఒక్కసారి తప్ప నత్త పనిలో నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. పట్టాలని చూడకపోవడం వల్ల కాదు, దొరకక. ఆమె గీసిన కట్టను తిప్పితే చెయ్యి నిజంగానే లేచేది, జుట్టు నిజంగానే ఊగేది. అందుకే ఆ నత్తనడకను ఇన్నేళ్లు భరించాను.

ఆమె కోరుకున్న ఆ ఇంకో చప్పుడు పాతికేళ్లు దాటాక వచ్చింది. వాళ్లమ్మ దగ్గరికి చిరిగిన యూనిఫారం తెచ్చిన ఒక లిఫ్టు మెకానిక్కు, ఆ తర్వాత చిరగనివి కూడా తేవడం మొదలుపెట్టాడు. భార్య పోయిన మనిషి, పదిహేడేళ్ల కొడుకున్నవాడు. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. తల్లీకూతుళ్లు కుట్టుమిషనుతో సహా ఆయన ఇంటికి మారారు.

ఆ కుర్రాణ్ణి సవతి తమ్ముడు అనాలి. సవతి అనే మాట నోట్లో పడితేనే చేదుగా ఉంటుంది కాబట్టి నత్త అలా అనేది కాదు. “మా ఇంట్లో అబ్బాయి” అనేది. ఆ అబ్బాయి ఈమెను ఏమనీ పిలిచేవాడు కాదట. ‘స్నానాలగది ఖాళీయేనా’ అని గోడను అడిగేవాడు. ‘ఖాళీయే’ అని ఈమె తువ్వాలుకు చెప్పేది. ఒకరి మీద ఒకరికి కోపం లేదు, పేచీ లేదు. రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా అంతకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు.

సరిగ్గా అప్పుడే మా స్టూడియోకి వచ్చిన సీరియలు కూడా అలాంటిదే. ఒకరి తల్లి, ఇంకొకరి తండ్రి పెళ్లి చేసుకోవడంతో అక్కాతమ్ముళ్లైన ఇద్దరు ఒకే ఇంట్లో ఉండటం నేర్చుకునే కథ. అంత మెల్లటి కథను నా జన్మలో చూడలేదు. ఒక భాగమంతా ఆ అక్క తన గొడుగు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచిస్తుంది. ఇంకో భాగంలో తమ్ముడు ఫ్రిజ్ తలుపు వేస్తాడు. ఒక్కరూ అరవరు, ఒక్కరి చెంపా ఛెళ్లుమనదు. “దీన్ని చూసేవాళ్లకు కునుకు పట్టకపోతే నా పేరు మార్చుకుంటాను” అన్నాను డైరెక్టరుతో. “ఏ పేరు? కత్తెరమ్మేనా?” అన్నాడాయన. అంటే ఆ పేరు అక్కడిదాకా పాకిందన్నమాట.

నత్తకు మాత్రం ఆ సీరియలంటే ప్రాణం. గొడుగు బొమ్మలన్నీ అడిగి మరీ గీసింది.

ఒక వారం మొదట్లో నత్త మరీ నెమ్మదించింది. పెన్సిలు పట్టుకుని కాగితం వంక చూస్తూ కూర్చుంది. నేను వెళ్లి బల్ల మీద కొట్టాను.

“ఏమైంది? నిద్రపోతున్నావా?”

“వాడు వెళ్లిపోతున్నాడు మేడమ్.”

“ఎవడు?”

“మా ఇంట్లో అబ్బాయి. శుక్రవారం. వాళ్ల మేనమామకి వేరే ఊళ్లో రంగుల షాపుంది. అక్కడే ఉండి చదువుకుంటాడట.”

“పోతే పోనీ. ఒక గది మిగుల్తుంది” అన్నాను. నా నోరు అలాంటిది.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. “నాకు గది వద్దు మేడమ్. నేనూ అమ్మా వచ్చాకే కదా వాడికి ఇల్లు ఇరుకైంది. వాడి ఇంట్లోంచి వాణ్ణి మేమే తరిమినట్టు అవుతుంది. అమ్మ ఇప్పుడిప్పుడే కాస్త నవ్వుతోంది. ఇక ఆ నవ్వు కూడా ఉండదు.” మళ్లీ పెన్సిలు చేతిలోకి తీసుకుని, “నాక్కూడా వాడు ఉండాలనే ఉంది” అంది.

“మరి ఉండమని అడిగావా?”

“వాళ్ల నాన్నగారు ‘నీ ఇష్టంరా’ అన్నారు. అమ్మ అడిగితే తల దించుకున్నాడట. నేను అడగలేదు. ఏ చనువుతో అడగను?”

“నోట్లో నాలుక లేదా నీకు?”

“ఉంది మేడమ్. సమయానికి కదలదు.”

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకో ఇంటికి వెళ్లాక కూడా ఆ పిల్ల మాటే గుర్తొచ్చింది.

శుక్రవారం రానే వచ్చింది. సాయంత్రానికి ఆ సీరియలులో ఒక దృశ్యం రంగులు వేసేవాళ్లకు అందాలి. దృశ్యం ఇంతే. అక్క టీ కప్పు తెచ్చి బల్ల మీద పెడుతుంది. తమ్ముడు కుడిచెయ్యి చాపి కప్పు అందుకుంటాడు, కిటికీ దగ్గరికి వెళ్లి మనకు వీపు చేసి నిలబడతాడు, మళ్లీ వచ్చి కూర్చుని రెండు చేతులతో కప్పును పట్టుకుంటాడు. మధ్యలో వచ్చే బొమ్మలన్నీ నత్తవి. మధ్యాహ్నం ఆ కట్ట నా చేతికొచ్చింది. తిప్పాను. అబ్బాయి కుడిచేత్తో కప్పు తీసుకున్నాడు, కిటికీ వైపు తిరిగాడు, వెనక్కి వచ్చాడు. వచ్చేటప్పుడు కప్పు ఎడమచేతిలో ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ తిప్పాను. ఎడమచేతిలోనే ఉంది. అది కూడా కప్పు చెవి పట్టుకుని కాదు. పైనుంచి ఐదు వేళ్లూ అంచు చుట్టూ వేసి, చిటికెనవేలు మాత్రం విడిగా పైకి లేపి.

ఈ కథలో అబ్బాయిది మొదటినుంచీ కుడిచేతి వాటం. చిలక్కి చెప్పినట్టు అందరికీ చెప్పి ఉన్నాం.

నా గొంతు హాలంతా వినిపించింది. “వీడేమన్నా గారడీవాడా? కిటికీ దగ్గర కప్పు ఏ చేతిలోంచి ఏ చేతిలోకి దూకింది? అసలు ఇలా కప్పు పట్టుకునే మనిషిని ఎక్కడైనా చూశావా నువ్వు?”

నత్త కాగితాలు తీసుకుని చూసింది. ఆమె మొహం పాలిపోయింది. “నిజమే మేడమ్, తప్పే” అని, మొహం కడుక్కోవడానికి వెళ్లింది. వెళ్లడమైతే వెళ్లింది గానీ, తిరిగి రావడం ఆమె పద్ధతిలోనే కదా. నేను ఆ కట్ట ముందేసుకుని కూర్చున్నాను.

అప్పుడు తలుపు దగ్గర ఒక కుర్రాడు కనిపించాడు. భుజాన పెద్ద సంచి, చేతిలో తాళంచెవి. హాలంతా ఒకసారి చూసి, దగ్గరగా ఉన్నాను కాబట్టి నా దగ్గరికి వచ్చాడు.

“ఎవరు కావాలి?”

“ఇక్కడ మా ఇంట్లో... ఒకావిడ పనిచేస్తారండీ.”

“ఒకావిడంటే నాకెలా తెలుస్తుంది?”

చెవులు ఎర్రబడ్డాయి కుర్రాడికి. “బాగా నెమ్మదిగా ఉంటారండీ.”

హాలు హాలంతా పకపకా నవ్వింది. ఒక్కడు కూడా ‘ఎవరు’ అని అడగలేదు.

“ఇప్పుడే వస్తుంది, కూర్చో. ఏం పని?”

“ఇంట్లో ఎవరూ లేరండీ. నా తాళంచెవి ఇచ్చేసి వెళ్దామని వచ్చా. నాలుగింటికి బస్సు.” తాళంచెవిని నా బల్ల మీద, సరిగ్గా ఆ కట్ట పక్కన పెట్టాడు. “ఇక నాకు అక్కర్లేదు కదా” అన్నాడు. ఆ అనడం నాకు నచ్చలేదు. మొండివాడి మాట కాదది, అలిగినవాడి మాట.

ఫ్లాస్కులోంచి ఒక కప్పు టీ పోసి ఇచ్చాను. వాడు సంచి దించి, ఎడమచెయ్యి చాపాడు. కప్పు చెవి వాడివైపే ఉంది. దాన్ని ముట్టుకోకుండా పైనుంచి ఐదు వేళ్లతో అంచు చుట్టూ పట్టుకున్నాడు. చిటికెనవేలు విడిగా పైకి లేచింది.

నేను ఫ్లాస్కు మూత పెట్టడం మర్చిపోయాను.

“ఇలా రా నాయనా. ఇది చూడు” అని కట్ట అందుకుని, వాడి కళ్ల ముందు మెల్లగా తిప్పాను. కాగితంలోని కుర్రాడు కిటికీ దగ్గర్నుంచి కప్పుతో నడిచి వచ్చాడు.

“ఇంకోసారి తిప్పుతారా?” అన్నాడు. తిప్పాను. “నేనిలాగే పట్టుకుంటానండీ. కాలుతుందిరా అని నాన్న తిడతారు. ఎవరు గీశారిది?”

“మీ ఇంట్లో ఆవిడే.”

“ఆవిడ అయ్యుండరండీ. ఆవిడ నావైపు చూడనే చూడరు.”

“చూడకుండా గీయడానికి ఇదేమన్నా సోదె చెప్పడమా? ఆ చిటికెనవేలు చూడు. నీ చిటికెనవేలు చూసుకో.”

చూసుకున్నాడు. చటుక్కున వేలు ముడుచుకున్నాడు. తర్వాత టీ తాగకుండా కప్పులోకి చూస్తూ, “ఆవిడకి నేనంటే ఇష్టం లేదండీ” అన్నాడు. “మొదట్లో భోజనాల బల్ల దగ్గర నా పక్కనే కూర్చునేవారు. ఒకరోజు మధ్యలో కంచం తీసుకుని లేచి, అటువైపు చివరికి వెళ్లిపోయారు. నేనేమీ అనలేదు. మళ్లీ నా పక్కకి రానేలేదు. ఆ రోజే మామయ్యకి ఫోన్ చేశా.”

నాకు విషయం లీలగా అర్థమైంది. “ఏ పక్కన కూర్చునేది?”

“ఎడమ పక్క.”

“నువ్వు తినేది ఏ చేత్తో?”

జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. కొత్త చెప్పుల్ని చూసుకున్నట్టు తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అంతలో నత్త వచ్చింది. ముందు తాళంచెవిని చూసింది, ఆ తర్వాత సంచిని, ఆ తర్వాత వాణ్ణి.

“ఆ రోజు ఎందుకు లేచి వెళ్లిపోయారు?” అన్నాడు కుర్రాడు. ఈసారి గోడను అడగలేదు, ఆమెనే అడిగాడు.

ఆమె జవాబు కోసం నేను కాచుకోవడం అదే మొదటిసారి కాదు గానీ, పంటి బిగువున కాచుకోవడం మాత్రం అదే మొదలు.

“నీ మోచెయ్యి నాకు తగిలేది” అంది నత్త చివరికి. “తగిలినప్పుడల్లా సారీ అని చెయ్యి ముడుచుకునేవాడివి. చివరికి తగలకపోయినా ముడుచుకునే తినేవాడివి. సగం తిని లేచిపోయేవాడివి. నీకు చోటుంటుందని అటు వెళ్లా.”

“ఆ మాట చెప్పొచ్చుగా!”

“చెబితే నీ చెయ్యిదే తప్పు అన్నట్టుంటుందని...”

“చెప్పకుండా లేచిపోతే, నాదే తప్పు అన్నట్టు లేదా?”

నత్త తల దించుకుంది. “అవును. అది నాకు తోచలేదు.”

“కుడిపక్కన కూర్చోవాల్సింది. అటైతే తగలదు.”

“అది మీ అమ్మగారి కుర్చీ కదా.”

కుర్రాడు కప్పు బల్ల మీద పెట్టేశాడు. “ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మేం వచ్చినప్పట్నుంచీ అందులో ఎవరూ కూర్చోలేదు. మీ నాన్నగారు అటునుంచి వెళ్లాల్సొచ్చినా దాన్ని జరపరు, పక్కకి ఒదిగి వెళ్తారు. నువ్వు మిగతా కుర్చీలు వదిలేసి దాన్నొక్కదాన్నీ తుడుస్తావు.”

హాల్లో పెన్సిళ్లన్నీ ఆగిపోయాయి. పనిచేస్తున్నట్టు నటించడం కూడా చాతకాదు మావాళ్లకి. కుర్రాడు ముక్కు ఎగబీల్చాడు. “అమ్మ కూడా అందుకే అటు కూర్చునేది. ‘నీ రెక్కకి అడ్డం రానురా’ అనేది” అన్నాడు. ఆ కప్పు వైపే చూస్తూ, “రేపట్నుంచి అక్కడ కూర్చోండి” అన్నాడు.

నత్త ఏమైనా అంటుందేమోనని చూశాను. ఇక నా వల్ల కాలేదు.

“రేపట్నుంచా? నాలుగింటి బస్సెక్కి పోయేవాడివి, ఆవిడ కుర్చీలో కూర్చుంటే నీకేం, నేలమీద కూర్చుంటే నీకేం?”

“అదే ఆలోచిస్తున్నానండీ” అన్నాడు కుర్రాడు.

“వెళ్లకు” అంది నత్త.

నాకు తెలిసి ఆమె నోట్లోంచి అంత తొందరగా వచ్చిన మాట అదొక్కటే. ముందు వెనకలు చూసుకోలేదు, తటపటాయింపు లేదు. వాడు తలెత్తి చూశాడు. “సరే” అన్నాడు. అంతే. ఇంతోటి దానికా ఇల్లంతా ఇన్నాళ్లు ఊపిరి బిగబట్టుకుంది! అమ్మయ్య అనుకున్నాను. పైకి అనలేదు. నా పరువు ఉండాలి కదా.

“కథలు చాలు” అని కట్టను నత్త ముందు పడేశాను. “మీరు మీరు ఒకటైనంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. సాయంత్రంలోపు ఈ కప్పు కుడిచేతిలోకి రావాలి. నువ్వు కూర్చో అబ్బాయ్, నీ చెయ్యే కదా దీన్నంతా చెడగొట్టింది. కుడిచేత్తో కప్పు పట్టుకో, ఆవిడ చూసి గీస్తుంది.”

కూర్చున్నాడు. నత్త ఒక స్టూలు లాక్కుని, ఒక్క క్షణం నిలబడి, వాడి కుడిపక్కకు వెళ్లి కూర్చుంది. కుడిచేత్తో కప్పు పట్టుకోవడం వాడికి ఎంత రాదంటే, లేచి నడిచిన ప్రతిసారీ టీ ప్యాంటు మీద పోసుకున్నాడు. చివరికి కప్పులో నీళ్లు పోసి ఇచ్చాను. “కదలకు” అని ఈమె, “కదలకుండా ఎలా నడుస్తారండీ” అని వాడు. మధ్యలో ఒకసారి గడియారం చూశాను. నాలుగు దాటిపోయి చాలాసేపయింది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, మింగేశాను. వెళ్లేటప్పుడు వాడు సంచి ఎత్తుకున్నాడు, బల్ల మీది తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు రాత్రి వాళ్ల మామయ్య ఫోన్‌లో కేకలేశాడట. ఎవరూ బాధపడలేదట.

ఆ దృశ్యంలో కప్పు ఇప్పుడు కుడిచేతిలోనే ఉంటుంది. కానీ పట్టు మాత్రం పైనుంచే, చిటికెనవేలు లేపుకునే. అది దిద్దడం నా బాధ్యతే. దిద్దలేదు.

తర్వాత కొన్నాళ్లకు, ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో నన్ను భోజనానికి పిలిచారు. మంచి ఇల్లు. కుట్టుమిషను కిటికీ పక్కన ఉంది, లిఫ్టు మెకానిక్కు పనిముట్ల పెట్టె దాని కిందే ఉంది. ఆయన నాకు మర్యాద చెయ్యడం తెలియక రెండుసార్లు మంచినీళ్లిచ్చాడు. నత్త తల్లి వంటింట్లోంచి నవ్వుతూ పలకరించింది. మొదటిసారి చూశాను ఆ నవ్వు. కూతురి నవ్వే, కాస్త తొందరగా వస్తుంది. నడిచి వచ్చిన అలసటతో నేను భోజనాల బల్ల దగ్గర చేతికందిన కుర్చీలో కూలబడ్డాను. కుర్రాడు కంచాలు తెచ్చి సర్దుతూ నా దగ్గర ఆగాడు.

“అక్కడ కాదండీ” అన్నాడు. “అది మా అక్క కుర్చీ.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మెకానిక్కు మూడో గ్లాసు నీళ్లు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గుమ్మంలో నత్త ఉంది, కూర గిన్నె రెండు చేతులతో పట్టుకుని. ఎప్పటికి కదులుతుందో దేవుడికెరుక. కూర్చున్న చోటునుంచి నన్ను లేపిన మగాడు గానీ ఆడది గానీ ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు. ఆ రోజు నోరెత్తకుండా లేచాను.

వాడి ఎడమవైపు కుర్చీలోకి మారాను. భోజనం అయ్యేదాకా వాడి మోచెయ్యి నాకు తగులుతూనే ఉంది. నేను ఒక్క మాట కూడా అనలేదు.